పిచ్చుకల రైలు గీసిన చెయ్యి

పాత స్టూడియో నుంచి వచ్చిన మూడో ట్రంకుపెట్టె మూత తియ్యగానే బొద్దింకల మందు వాసన గుప్పుమంది. లోపల పెన్సిలు బొమ్మల కట్టలు. ఒక్కో కట్టకీ పురికొస. పైనున్న కాగితం మీద ఏడెనిమిదేళ్ల పిల్ల నిలబడి ఉంది. నెత్తిన రైలు గార్డు టోపీ, చేతిలో పచ్చజెండా, భుజం మీద పిచ్చుక. కింద కుడి మూల చిన్నగా రెండు పొడి అక్షరాలు: ప్ర.దా.

కెజియా ఆ కాగితాన్ని బల్లమీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏంటి కెజియా గారూ, తేలుందా?" అన్నాడు ముస్తఫా.

"ఈ సినిమాని ఎవరు ఎంచారు సార్?"

"నేనే. ఏం?"

"ప్ర.దా. అంటే ప్రభుదాసు. బొంతు ప్రభుదాసు. మా నాన్న."

ముస్తఫా టీ గ్లాసు పక్కన పెట్టి కాగితం మీదికి వంగాడు.

భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున కడుతున్న వినోదాల పార్కు అది. అందులో ఒక భాగాన్ని ఎవరూ పట్టించుకోని పాత బొమ్మల సినిమాలకు కేటాయించాలని పట్టుబట్టినవాడు ముస్తఫా. "అందరికీ తెలిసిన బొమ్మలకు ఏ పార్కుకెళ్లినా చోటుంటుంది. నాలుగు రోజులాడి వెళ్లిపోయినవాటికి ఎక్కడుంది?" అని యాజమాన్యంతో ఏడాదిన్నర వాదించాడు. పది సినిమాలు ఎంచాడు. వాటిలో మొదటిది 'పిచ్చుకల రైలు'. కూల్చేసిన పెంకుటింటి కప్పులో గూళ్లు పోగొట్టుకున్న పిచ్చుకలను ఒక చిన్నపిల్ల రైలెక్కించి ఊరూరా చోటు వెతుకుతుంది. నలభై ఏడు నిమిషాల కథ. విజయవాడలో ఒకే ఒక్క హాల్లో నిజంగానే నాలుగు రోజులాడింది. ఆ నాలుగు రోజుల్లో మూడుసార్లు చూసిన పదేళ్ల పిల్లవాడు ముస్తఫా.

"సినిమా మొదట్లో పేర్లేసినప్పుడు ప్రభుదాసు అనే పేరే లేదే!" అన్నాడు.

"తీసేశారు. తాగి పనికొస్తున్నాడని స్టూడియోలోంచి గెంటేశారు. సినిమా రాకముందే."

"మీరు చూశారా ఈ సినిమా?"

"మా ఇంట్లో ఆ పేరు ఎత్తేవాళ్లం కాదు సార్. అమ్మ ఎత్తనిచ్చేది కాదు."

*

ముస్తఫా తయారుచేసిన యంత్రం పేరు చేజాడ. చేతి జాడ పట్టేది. కాగితాన్ని దాని కింద పెడితే పెన్సిలు ఎక్కడ నొక్కుకుంది, ఎక్కడ తేలిపోయింది, ఏ గీత ముందు పడింది, ఏ మలుపు దగ్గర చెయ్యి ఆగి ఊపిరి తీసుకుంది అన్నీ లెక్కగడుతుంది. కొన్ని వేల కాగితాలు చూశాక ఆ చెయ్యి దానికి వచ్చేస్తుంది. ఇక ఆ చిత్రకారుడు ఎన్నడూ గీయని బొమ్మ కూడా అతను గీసినట్టే గీస్తుంది. పార్కుకొచ్చిన పిల్ల "నీ పేరేంటి?" అని అడిగితే తెరమీది గార్డుపిల్ల తలతిప్పి చూస్తుంది. అది పాత సినిమాలోంచి కత్తిరించి అతికించిన ముక్క కాదు. అప్పటికప్పుడు, ఆ క్షణంలో, పోయిన మనిషి చేత్తో గీసిన బొమ్మ.

కాగితాల మీది అంకెలను సగానికి సగం చెదలు తినేశాయి. అందుకని చేజాడకు పెట్టిన మొదటి పని వాటిని గీసిన వరసలో పేర్చడం. పదకొండు వేల రెండొందల కాగితాలు. ఒక్కొక్కటే తీసి, దుమ్ము దులిపి, యంత్రం కింద పెట్టడం కెజియా పని. మొదటి వారం పళ్లు బిగబట్టుకుని చేసింది. రెండో వారం మధ్యాహ్నం భోజనం మానేసి చేసింది. ఆ గార్డుపిల్ల ముక్కు అచ్చం తన చిన్నప్పటి ముక్కే. మడమ దగ్గర మడిచి వేసుకున్న చెప్పు కూడా తనదే. తనను చూస్తూ గీశాడని ఎవరూ చెప్పలేదు ఇన్నాళ్లూ.

ఇబ్బంది ఒక్కటే. మొదట్లో గీతలు నున్నగా ఉన్నాయి. పోనుపోను అదిరేవి. చెయ్యి ఉన్నట్టుండి ఎగిరిపడినట్టు, గీత మధ్యలో చిన్న గెంతు గెంతేది. సినిమా విడుదలైనప్పుడు ఒక పత్రిక 'బొమ్మలకు చలిజ్వరం వచ్చింది' అని రాసింది. ఆ ఒక్క ముక్కతోనే హాలు ఖాళీ అయిందని ముస్తఫా అనేవాడు.

"అదురు తీసేసి నున్నగా చెయ్యండి" అని యాజమాన్యం కబురు పెట్టింది.

తియ్యాలంటే అది ఏ రకం అదురో చేజాడకు తెలియాలి. ఇలాంటి పాత బొమ్మల కోసమనే ముస్తఫా ఏళ్ల తరబడి ఆసుపత్రుల నుంచి రకరకాల చేతుల గీతలు తెప్పించి దానికి నేర్పాడు. వయసు మీద పడ్డ చేతులు, పక్షవాతం చేతులు, తాగుడు చేతులు, నరాల జబ్బుల చేతులు.

మూడో వారం మంగళవారం పొద్దున పదకొండింటికి కెజియా అదురు రకం తేల్చే మీట నొక్కింది. ఏం వస్తుందో తనకు తెలుసు. తాగుడు అని వస్తుంది. ఆ మాట యంత్రం నోట కూడా వినాలి, అంతే కదా అనుకుంది.

తెర మీద నరాల జబ్బుల కింద వచ్చిన మాట: హంటింగ్టన్ వ్యాధి. నూటికి తొంభై ఏడు పాళ్లు.

ఆ కిందనే: తాగుడు. నూటికి సున్నా.

కెజియా మళ్లీ నొక్కింది. వేరే కట్ట పెట్టి నొక్కింది. చివరి ట్రంకులోంచి ఇరవై కాగితాలు లాగి ఒక్కొక్కటీ పెట్టి నొక్కింది. ప్రతిసారీ అదే మాట. ఆమె అక్కడే నేలమీద, కాగితాల మధ్య కూర్చుండిపోయింది.

ముస్తఫా వచ్చి తెర చదివాడు. "తాగినవాడి చెయ్యి పొద్దున ఒకలాగా సాయంత్రం ఒకలాగా ఉంటుందమ్మా" అన్నాడు మెల్లగా. "రెండేళ్ల పాటు అదురు ఒక్కరోజు కూడా తగ్గకుండా ముదురుతూనే పోదు. నేనెందుకు చూసుకోలేదో."

ఆ మధ్యాహ్నం ఆమె విజయవాడకు ఫోను చేసింది. తల్లి సుగుణమ్మ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి. ఇప్పుడు కొడుకు రూబేను దగ్గర ఉంటోంది.

"అమ్మా, ఒకటడుగుతాను, కోప్పడకు. నాన్న దగ్గర వాసన వచ్చేదా?"

"ఏం వాసన?"

"సారా వాసన."

అవతల సుగుణమ్మ టీవీ కట్టేసింది. "ఇప్పుడెందుకే అదంతా?"

"చెప్పమ్మా."

"నిద్రపోతుంటే నోటి దగ్గర ముక్కు పెట్టి చూసేదాన్ని. ఎప్పుడూ వచ్చేది కాదు. ఏదో నమిలి వస్తున్నాడు అనుకునేదాన్ని. మహా తెలివైనవాడనుకునేదాన్ని. అడుగు తిన్నగా పడేది కాదు, మాట ముద్దగా వచ్చేది, గ్లాసు పట్టుకుంటే ఒలికేది. ఇంకేం సాక్ష్యం కావాలి?"

కెజియా ఫోను పెట్టేసి నరాల డాక్టరు నంబరు వెతకడం మొదలుపెట్టింది.

*

విశాఖపట్నంలో నరాల డాక్టరు ఆమెకు అరగంట సేపు ఓపిగ్గా చెప్పింది. మెదడులో కొన్ని కణాలు మెల్లగా చచ్చిపోతాయి. ముప్ఫై, నలభై ఏళ్ల మధ్య బయటపడుతుంది. నడక తూలుతుంది, మాట తడబడుతుంది, చేతులు వాటంతటవే ఎగురుతాయి. చాలామందిని లోకం తాగుబోతులనే అనుకుంటుంది. నయం చేసే మందు లేదు. తండ్రికి ఉంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగం, రాకపోవడానికి సగం అవకాశం.

"ప్రతి బిడ్డకూ?"

"అవునమ్మా. ఎవరికి వారికి విడిగా. రక్తపరీక్షతో తేలుతుంది. ఆరు వారాలు పడుతుంది. చేయించుకోవాలో వద్దో ఎవరికి వారే తేల్చుకోవాలి. ఇంకొకరు వాళ్ల తరఫున తెలుసుకోకూడదు."

కెజియా రక్తం ఇచ్చి వచ్చింది. కానీ ఆరు వారాలు ఆగలేకపోయింది. లాబ్‌కు తిరిగొచ్చి, తలుపు వేసుకుని, కాగితం మీద పెన్సిలుతో ఒక పిచ్చుకను గీసి చేజాడ కింద పెట్టింది. చేజాడ ఆ గీతలో తండ్రి చేతి అదురు దొరక్క, ఆయన కాగితాల వరసలో ఎక్కడా ఇమడ్చలేక దాన్ని పక్కన పెట్టేసింది. ఇరవై పిచ్చుకలు గీసింది. ఇరవైనీ పక్కన పెట్టేసింది. ఆమెకు ఊపిరి వచ్చింది. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది, వచ్చిన ఊపిరి మళ్లీ పోయింది.

రూబేనుకు ముప్ఫై ఏడేళ్లు. బస్సు డ్రైవరు. విజయవాడ నుంచి విశాఖపట్నానికి, రోజు మార్చి రోజు, నలభై మందిని ఎక్కించుకుని నడుపుతాడు. సారా చుక్క ముట్టడు. టీ కూడా పెద్దగా తాగడు. తండ్రి పేరు చెప్పి ఎవరైనా ఒక్క మాటంటే లేచి వెళ్లిపోతాడు. భార్య కరుణకు ఐదో నెల.

డాక్టరు చెప్పిన చివరి మాట కెజియా చెవిలోనే ఉంది. అయినా తమ్ముడికి ఫోను చేసింది.

"ఆదివారం అమ్మని, కరుణని తీసుకుని రారా. ఇంకా తెరవని పార్కు, మీరే మొదట చూస్తారు. నాన్న గీసిన సినిమా ఒకటి పెడుతున్నాం."

"ఆయన గీసిందా? నేను రాను."

"నా కోసం రారా."

వచ్చాడు. సుగుణమ్మ గార్డుపిల్లను చూసి "ఇది నువ్వేనే" అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. రూబేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. తెర ముందు ఒక ఎర్రబల్ల ఉంది. పార్కుకొచ్చిన పిల్లలు దానిమీద పిచ్చుకను గీస్తే ఆ పిచ్చుక తెరలోకి ఎగిరి రైలెక్కుతుంది. గీత కింద ఉన్నది చేజాడే.

"నువ్వూ ఒకటి గియ్యరా" అంది కెజియా.

"నాకు రాదక్కా."

"ఊరికే. ఒక్కటి."

కరుణ కూడా నవ్వుతూ పెన్సిలు చేతికిచ్చింది. అతను నాలుక బయటపెట్టి, వంకర ముక్కున్న ఒక బక్క పిచ్చుకను గీశాడు. అది తెరలోకి ఎగిరి రైలెక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు.

వాళ్లు ఐస్‌క్రీం తినడానికి వెళ్లాక కెజియా వెనక గదిలోకి వెళ్లింది. తెర మీద పేర్చిన కాగితాల వరస ఉంది. తమ్ముడి పిచ్చుకను చేజాడ పక్కన పెట్టలేదు. తండ్రి గీసిన పదమూడు వందల నలభయ్యో కాగితానికీ, ఆ తర్వాతి కాగితానికీ మధ్య, ఎప్పటి నుంచో అక్కడిదే అన్నట్టు పెట్టేసింది.

ఆమె లెక్క వేసింది. ఆ కాగితం నుంచి స్టూడియో గెంటేసిన రోజు వరకు ఇరవై రెండు నెలలు. అక్కడి నుంచి నాన్న ఏలూరు రోడ్డు మీద లారీ కింద పడి పోయిన రోజు వరకు ఐదేళ్లు. తాగి పడ్డాడు అన్నారు ఊరంతా.

అప్పుడే ముస్తఫా లోపలికి వచ్చాడు. ఆమె మొహం చూసి తెర చూశాడు. "ఏం చేశారమ్మా మీరు?" అన్నాడు. కోప్పడలేదు. భయపడ్డాడు.

*

ఆ రోజు చెప్పలేకపోయింది. మర్నాడూ చెప్పలేకపోయింది. రూబేను బస్సు నడుపుతూనే ఉన్నాడు. ఐదో రోజు పొద్దున్నే విశాఖపట్నంలో తమ్ముడి బస్సే ఎక్కి, అతని వెనక మొదటి సీట్లో కూర్చుంది. అతను సంబరపడి తుని దగ్గర ఆపి అక్కకు ఇడ్లీ పెట్టించాడు. మిగతా దారంతా ఆమె స్టీరింగు మీది చేతుల్నే చూసింది. రావులపాలెం వంతెన దాటాక ఎడమ చిటికెనవేలు ఒక్కసారి ఎగిరింది. ఎవరో దారం కట్టి లాగినట్టు. అతను గమనించలేదు. హనుమాన్ జంక్షన్ దాకా ఇంకో నాలుగుసార్లు ఎగిరింది. వెనక ఒక పసిబిడ్డ నిద్రలో ఏడుస్తుంటే తల్లి జోకొడుతోంది.

ఇంటికెళ్లేసరికి మూడయింది. కరుణ అన్నం వడ్డించింది. కెజియా కంచం ముందు కూర్చుంది గానీ ముద్ద కలపలేదు.

"రూబేనూ, నాన్న తాగలేదురా."

సుగుణమ్మ మంచం మీద లేచి కూర్చుంది. కెజియా జబ్బు పేరు చెప్పింది. కాగితాల సంగతి చెప్పింది. నడక, మాట, ఒలికే గ్లాసు, అన్నీ చెప్పింది. సుగుణమ్మ వింటూ వింటూ తన ముక్కును రెండు చేతులతో మూసుకుంది. "వాసన రాలేదే... నాకు వాసన రాలేదే" అని అదే మాట అంటూ ముందుకీ వెనక్కీ ఊగింది.

రూబేను చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడ్డాడు. "తాగలేదా?"

"లేదురా. ఒక్క చుక్క లేదు."

"నేను మూడో తరగతిలో ఉండగా, బడి నుంచి వస్తుంటే, మార్కెట్టు దగ్గర కాలవ పక్కన పడిపోయి ఉన్నాడక్కా. నాతో నలుగురు పిల్లలున్నారు. నన్ను చూసి చెయ్యి చాచాడు. లేపమని. 'ఎవర్రా ఆయన, నిన్ను పిలుస్తున్నాడు' అన్నారు వాళ్లు. 'నాకు తెలీదు' అన్నాను. దాటుకుని వచ్చేశాను." అతను గోడ వైపు తిరిగాడు. "ఇంటికొచ్చాక కూడా ఏమీ అనలేదు నన్ను. మోకాలికి మట్టి కడుక్కుంటూ కూర్చున్నాడు."

కెజియా అతని భుజం పట్టుకోబోయింది. అప్పుడు గుమ్మం దగ్గర కరుణ గొంతు వినిపించింది. చారుగిన్నె ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి కడుపు మీద పెట్టుకుని ఉంది.

"వదినా, ఆ జబ్బు పిల్లలకొస్తుందా?"

కెజియా తల దించుకుంది. ఆ ఒక్క క్షణం చాలింది. రూబేను అక్క మొహం చూశాడు. తన చేతులు చూసుకున్నాడు. మళ్లీ అక్క మొహం చూశాడు.

"ఆ పిచ్చుకని... అందుకే గీయించావా?"

"అవున్రా."

"మంచి మాట చెప్పి పిలిచి, నా చేత్తో నాకే..." అతను మాట పూర్తి చెయ్యలేదు. "ఐదు రోజులైందక్కా. ఐదు రోజులు నాకు తెలీకుండా నీకు తెలుసు. నేను బస్సు నడుపుతుంటే వెనక కూర్చుని చూశావు."

"క్షమించరా."

"వెళ్లిపో."

ఆమె వెళ్లిపోయింది. వెనక చారుగిన్నె నేలమీద పడిన చప్పుడు వినిపించింది.

*

మర్నాడు పొద్దున రూబేను డిపోకు వెళ్లి, ఒంట్లో బాగుండడం లేదని చెప్పి డ్యూటీ మానుకున్నాడు. తనే వెళ్లి రక్తపరీక్ష చేయించుకున్నాడు. అక్కతో మాత్రం ఏడు వారాలు మాట్లాడలేదు. ఈలోగా కెజియా పరీక్ష ఫలితం వచ్చింది. ఆమెకు జబ్బు లేదు. ఆ కాగితాన్ని ఎవరికీ చూపించలేక బీరువాలో చీరల కింద దాచింది, ఏదో దొంగిలించినట్టు.

ఎనిమిదో వారంలో ఫోను వచ్చింది.

"నాకుందక్కా" అన్నాడు రూబేను. చెప్పడంలో తొందర లేదు. "నీకు?"

"లేదురా."

అవతల పెద్ద ఊపిరి వినిపించింది. "హమ్మయ్య. అమ్మకు ఒకళ్లమైనా ఉంటాం."

ఆమె ఏడుస్తుంటే అతను ఏడవనిచ్చాడు. తర్వాత అన్నాడు, "పుట్టబోయే బిడ్డకు పరీక్ష చేయించొద్దంది కరుణ. పెద్దయ్యాక తెలుసుకోవాలనుంటే తనే తెలుసుకుంటుందంది. మనం దొంగచాటుగా చూడొద్దంది."

"నన్నేనా ఆ మాటంది?"

"నిన్నే. అయినా రేపు వంకాయ కూర చేస్తుందంట, రమ్మంది."

కొన్ని నెలలకు లాబ్‌లో ఇంకో సంగతి నడిచింది. చేజాడ జబ్బు కనిపెట్టిన సంగతి యాజమాన్యం చెవిన పడింది. రోజుకు ఐదువేల మంది పిల్లలు ఆ ఎర్రబల్ల మీద పిచ్చుకలు గీస్తారు, ఎవరికి ఏ జబ్బు రాబోతోందో ముందే తెలుస్తుంది, దీనికి ఆసుపత్రులు ఎగబడతాయని ఒకాయన కళ్లు మెరుస్తూ చెప్పాడు. ముస్తఫా విని వచ్చి, ఆ మధ్యాహ్నమే ఎర్రబల్లను ఊడబీకించాడు. తర్వాత కెజియాను పక్కన కూర్చోబెట్టుకుని, చేజాడకు నేర్పిన జబ్బు చేతుల గీతలన్నీ ఒక్కటి మిగలకుండా చెరిపేశాడు. పదేళ్ల పని అది.

"ఇప్పుడు దానికి అదురంటే ఏంటో తెలీదు" అన్నాడు. "తెలీనిదాన్ని తియ్యలేదు. మీ నాన్నగారు ఎలా గీశారో అలాగే గీస్తుంది. నన్ను తీసేస్తే తీసేసుకోనీ."

తియ్యలేదు. అతన్ని పంపెయ్యడానికి వ్యవధి లేదు, పార్కు తెరిచే తేదీ దగ్గరికొచ్చేసింది. పేర్ల పలక మీద మాత్రం కెజియా పట్టుబట్టింది. 'బొమ్మలు: బొంతు ప్రభుదాసు' అని పెద్ద అక్షరాలతో పెట్టించింది.

*

మొదటి రోజు జనం విరగబడ్డారు. మిగతా తొమ్మిది సినిమాల కంటే 'పిచ్చుకల రైలు' దగ్గరే వరస పొడుగ్గా ఉంది. గీతలు అదురుతుంటే పిల్లలకు ఆ గార్డుపిల్ల ఊపిరి పీలుస్తున్నట్టే ఉందట. ఒక పాప తెర దగ్గరికెళ్లి "నీకు చలేస్తోందా?" అని అడిగింది. గార్డుపిల్ల కాసేపు ఆలోచించి, అవునన్నట్టు తలూపి, జెండాను ఒంటికి చుట్టుకుంది. ప్రభుదాసు అలాంటి బొమ్మ ఎన్నడూ గీయలేదు. గీసి ఉంటే అచ్చం అలాగే గీసేవాడు.

కెజియా తన ఇంటివాళ్లందరినీ వరసలోనే నిలబెట్టింది, అందరితో పాటు. కరుణ చంకలో నాలుగు నెలల బిడ్డ. వరస తాళ్ల మధ్య మలుపు తిరిగేచోట రూబేను కాలు మెలిక పడింది. తూలి, ముందున్నతని మీద పడబోయి, తాడు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. చెయ్యి ఎగిరి అతని భుజానికి తగిలింది.

ఆ మనిషి వెనక్కి తిరిగాడు. పక్కన భార్యా, ఇద్దరు పిల్లలూ ఉన్నారు. రూబేనును కిందికీ పైకీ చూశాడు.

"పొద్దున్నే తాగొచ్చావా? పిల్లలుండే చోటికి ఇలాగేనా వచ్చేది?"

రూబేను మొహం పాలిపోయింది. నోరు తెరిచాడు గానీ మాట ముద్దయి ఆగిపోయింది. వరసలో తలలన్నీ ఇటే తిరిగాయి. కెజియా ముందుకు కదలబోయింది. ఆమెకంటే ముందే సుగుణమ్మ కొడుకును దాటుకుని వచ్చి ఆ మనిషి ఎదురుగా నిలబడింది. డెబ్బై ఏళ్ల మనిషి, అతని ఛాతీ దాకా వస్తుంది.

"మావాడు తాగడు బాబూ" అంది. అక్కడితో ఆగలేదు. వరస చివరి వాళ్లకు కూడా వినపడేట్టు, ముప్ఫై ఏళ్లుగా లోపల ఇరుక్కుపోయిందేదో ఒక్కసారిగా బయటికొచ్చినట్టు, గట్టిగా అంది.

"వాళ్ల నాన్న కూడా తాగేవాడు కాదు."